హీల్ అండ్ టో కోసం యాక్సిలరేటర్ పెడల్‌కి చిన్న ప్లేట్: కొలతలోనే ఉంది అసలు పని

మజ్దా ఎంఎక్స్-5 మియాటా 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకు వచ్చింది. రెండే సీట్లు, మడిచి పెట్టుకునే టాప్, ముందు ఇంజిన్, వెనక చక్రాలకు పవర్, దాదాపు ఒక టన్ను బరువు. అభిమానులు ‘ఎన్‌ఏ’ అని పిలుచుకునే ఈ మొదటి తరం కారు 1997 వరకు తయారైంది. ట్రాక్ మీద కారు నడపడం నేర్చుకుందామనుకునేవాళ్ళలో చాలామంది అమెరికాలో ఇప్పటికీ దీనితోనే మొదలుపెడతారు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళలోనూ రోజూ ఆఫీసుకి ఆటోమేటిక్ కారులో వెళ్తూ, శని ఆదివారాల కోసం ఒక పాత మాన్యువల్ స్పోర్ట్స్ కారు గరాజ్‌లో పెట్టుకునేవాళ్ళున్నారు. కారు చేతికొచ్చిన కొద్ది రోజులకే చాలామందికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. గేర్ తగ్గించేటప్పుడు వాడే ‘హీల్ అండ్ టో’ పద్ధతిలో, బ్రేక్ నొక్కుతూ, అదే పాదంతో యాక్సిలరేటర్‌ని కూడా తాకుదామంటే సరిగ్గా అందదు.

దీనికి ఇంట్లోనే చేసుకోగలిగే మందు ఉంది. యాక్సిలరేటర్ పెడల్ మీద చిన్న అల్యూమినియం ప్లేట్ బిగించి, దాని అంచుని బ్రేక్ వైపు కొంచెం జరపడం, లేదా పెడల్‌ని కొంచెం ఎత్తు చేయడం. ఖర్చు పెద్దగా ఉండదు, ఒక మధ్యాహ్నం సరిపోతుంది. రేకు కోయడం, రంధ్రాలు వేయడం ఇందులో తేలిక భాగం. అసలు పనంతా కొలతలో ఉంది. కంపెనీ ఆ రెండు పెడల్స్ మధ్య ఖాళీని ఊరికే వదల్లేదు. ఆ ఖాళీ ఎందుకుందో తెలుసుకోకుండా దాన్ని తగ్గించడం మొదలుపెడితే ప్లేట్ ఎంత అందంగా కుదిరినా ప్రమాదమే.

ముందు ఈ అవసరం ఎక్కడ పుట్టిందో చూడాలి. కారు ఒక మలుపు దగ్గరికి వస్తోంది. థర్డ్ గేర్‌లో ఇంజిన్ 3500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర తిరుగుతోంది, వేగం గంటకు సుమారు 65 కిలోమీటర్లు. మలుపు తిరిగాక మళ్ళీ చురుగ్గా వేగం అందుకోవాలంటే సెకండ్ గేర్ కావాలి. ఐదు గేర్ల ఎన్‌ఏలో థర్డ్ నిష్పత్తి 1.330, సెకండ్ 1.888. అదే వేగంలో సెకండ్ పడితే ఇంజిన్ దాదాపు 4970 ఆర్‌పీఎంతో తిరగాలి. కానీ క్లచ్ తొక్కి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి ఉన్నాం కాబట్టి ఇంజిన్ ఆ సమయంలో 3500 నుంచి ఇంకా కిందికి జారుతూ ఉంటుంది. గేర్‌బాక్స్‌లోని సింక్రోలు లోపలి షాఫ్ట్‌నీ గేర్‌నీ ఒకే వేగానికి తెస్తాయి కానీ ఇంజిన్‌ని తేలేవు. మిగిలిన తేడా అంతా క్లచ్ వదిలినప్పుడు ముందు క్లచ్ ప్లేట్ మీద, ఆ వెంటనే వెనక చక్రాల మీద పడుతుంది. ఇంజిన్‌ని పైకి లాగే భారం మొత్తం ఆ రెండు టైర్లదే.

సరిగ్గా అదే సమయంలో వెనక టైర్లు బలహీనంగా ఉంటాయి. బ్రేక్ వేస్తే బరువు ముందుకి వాలుతుంది, వెనక టైర్లకి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. ఎండిన తిన్నని రోడ్డు మీద అయితే ఒక కుదుపుతో పోతుంది. తడి రోడ్డు మీద, స్టీరింగ్ అప్పటికే తిప్పి ఉంటే, వెనక భాగం పక్కకి జారి కారు గిర్రున తిరిగిపోవచ్చు. దీన్ని తప్పించుకోవడానికే బ్రేక్ మీద ఒత్తిడి తగ్గించకుండా, క్లచ్ తొక్కి ఉన్న ఆ కొద్ది సేపట్లో యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టి ఆర్‌పీఎం పైకి లేపుతారు. అదే హీల్ అండ్ టో. మామూలుగా డ్రైవర్లు అరికాలి ముందు భాగంలో ఎడమవైపు సగాన్ని బ్రేక్ మీద ఆనించి, పాదాన్ని కుడివైపుకి కొంచెం వాల్చి, కుడి అంచుతో యాక్సిలరేటర్‌ని తడతారు.

పాదం అలా వాలినప్పుడు రెండు విషయాలు కలిసి రావాలి. ఒకటి అడ్డం దూరం, అంటే బ్రేక్ కుడి అంచు నుంచి యాక్సిలరేటర్ ఎడమ అంచుకి ఎంత ఖాళీ ఉందన్నది. రెండోది ఎత్తు, అంటే బ్రేక్ నొక్కి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ దానికంటే ఎంత లోతులో ఉందన్నది. చాలామంది మొదటిదాన్నే చూస్తారు. యాక్సిలరేటర్‌ని తాకడం కుదరకపోవడానికి ఎక్కువసార్లు కారణం రెండోది. ట్రాక్ మీద బ్రేక్‌ని బలంగా తొక్కుతారు కాబట్టి బ్రేక్ పెడల్ చాలా కిందికి వెళ్ళి, యాక్సిలరేటర్‌కి దాదాపు సమానమైన ఎత్తుకి వస్తుంది. ఊళ్ళో, హైవే ర్యాంప్ మీద మెత్తగా తొక్కినప్పుడు బ్రేక్ పైనే ఉండిపోతుంది. అప్పుడు పాదం ఎంత వాల్చినా యాక్సిలరేటర్ కిందే మిగిలిపోతుంది. ఇలాంటి స్థితిలో కొందరు తెలియకుండానే బ్రేక్ ఇంకా గట్టిగా నొక్కేస్తారు. వెనక వచ్చే కారువాడికి అది టెన్షన్.

అందుకే కొలత తీసేముందు తేల్చుకోవాల్సింది ఆ కారుని ఎక్కువగా ఎక్కడ నడుపుతారన్నది. ట్రాక్ కోసమే అయితే కంపెనీ ఇచ్చిన ఎత్తు చాలామందికి సరిపోతుంది, అడ్డంగా కొంచెం జరిపితే చాలు. రోడ్డు కోసమైతే ఎత్తు కూడా కావాలనిపిస్తుంది. ఇక్కడ అత్యాశ పనికిరాదు. మెత్తటి బ్రేకింగ్‌కి సరిపోయేంత ఎత్తుగా యాక్సిలరేటర్‌ని లేపితే, గట్టిగా బ్రేక్ తొక్కినప్పుడు బ్రేక్ దానికంటే కిందికి దిగిపోతుంది. అప్పుడు అత్యవసరంగా బ్రేక్ వేసిన పాదమే యాక్సిలరేటర్‌ని కూడా నొక్కుతుంది. ఈ మార్పులో అన్నిటికంటే భయంకరమైన తప్పు ఇదే. ఎంత గట్టిగా తొక్కినా బ్రేక్ పెడల్ ముఖం యాక్సిలరేటర్ ముఖం కంటే కొద్దిగానైనా పైనే ఉండాలి. రాజీ పడాల్సి వస్తే రోడ్డు మీద సౌకర్యాన్ని వదులుకోవాలి కానీ ఈ హద్దుని దాటకూడదు.

ఈ హద్దుని కొలవడంలో ఒక మెలిక ఉంది. ఇంజిన్ ఆపేసి గరాజ్‌లో కూర్చుని బ్రేక్ నొక్కితే, రెండు మూడు సార్లకే పెడల్ రాయిలా గట్టిపడి పైనే ఆగిపోతుంది. బ్రేక్ తొక్కే బలానికి సాయం చేసే బూస్టర్‌లో నిలవ ఉన్న వాక్యూమ్ అయిపోవడమే కారణం. ఆ స్థితిలో తీసిన కొలత తప్పు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అదే పాదం బలానికి పెడల్ ఇంకా కిందికి వెళ్తుంది. కాబట్టి కారుని ఆరుబయట, చదునైన చోట నిలిపి, చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా కొలవాలి. మూసిన గరాజ్‌లో ఇంజిన్ నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, తలుపు సగం తెరిచినా సరిపోదు. డ్రైవర్ సీట్లో మామూలుగా కూర్చుని శక్తికొద్దీ బ్రేక్ తొక్కి పట్టుకోవాలి, పక్కనున్న మనిషి స్కేలుతో రెండు పెడల్స్ ముఖాల మధ్య తేడా చూడాలి. తర్వాత మెత్తగా, రోజూ సిగ్నల్ దగ్గర ఆపినంత ఒత్తిడితో నొక్కి మళ్ళీ చూడాలి. ఈ రెండు కొలతల మధ్యే ప్లేట్ మందం తేలుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ పాతబడినా, లైన్లలో గాలి చేరినా పెడల్ ఉండాల్సిన దానికంటే కిందికి దిగుతుంది. అలాంటి కారుకి ముందు బ్రేకులు బాగుచేయించి, ఆ తర్వాతే ఈ పని మొదలుపెట్టాలి.

ఇంతకీ కంపెనీలు అంత ఖాళీ ఎందుకు వదులుతాయి? అమెరికాలో 1980ల్లో ఆడి 5000 కార్లు తమంతట తామే దూసుకుపోతున్నాయని పెద్ద గొడవ జరిగింది. 1986లో ఒక టీవీ కార్యక్రమంలో రావడంతో అమ్మకాలు కుప్పకూలాయి. రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ విచారించి 1989లో ఇచ్చిన నివేదికలో ఎక్కువ భాగం ఘటనలకి డ్రైవర్లు బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్‌ని నొక్కడమే కారణమని తేల్చింది. అవి ఆటోమేటిక్ కార్లు, నడిపినవాళ్ళు మామూలు మనుషులు. కంగారులో పాదం రెండు పెడల్స్ మధ్య తేడా పోల్చుకోలేదు. బ్రేక్ ఎత్తుగా, యాక్సిలరేటర్ లోతుగా, మధ్యలో ఖాళీ ఉండటమే పాదానికి ఆ తేడాని చెప్పేది. రేసింగ్ కోసం మనం తగ్గిద్దామనుకుంటున్నది సరిగ్గా ఆ తేడానే.

రెండో సంఘటన ఇంకా దగ్గరిది. 2009 ఆగస్టు 28న కాలిఫోర్నియాలోని శాన్ డీగో దగ్గర ఒక లెక్సస్ ఈఎస్ 350 అదుపు తప్పి నలుగురు చనిపోయారు. వేరే మోడల్‌కి చెందిన రబ్బరు మ్యాట్ అందులో వేసి ఉంది, యాక్సిలరేటర్ పెడల్ దానికి చిక్కుకుని పైకి రాలేదు. ఆ తర్వాత టయోటా 38 లక్షల దాకా వాహనాలకి రీకాల్ ప్రకటించింది. మరమ్మతులో భాగంగా డీలర్లు యాక్సిలరేటర్ పెడల్ కింది కొసని కోసి కురచ చేశారు. అంటే చిక్కుకోకుండా ఉండాలని కంపెనీ పెడల్‌ని చిన్నది చేసింది. ఇంట్లో ప్లేట్ బిగించేవాళ్ళు దాన్ని పెద్దది చేస్తున్నారు. అందుకే ఈ మార్పు చేశాక ఆ కారులో డ్రైవర్ వైపు విడి మ్యాట్ ఉండకూడదు, లేదా కంపెనీ క్లిప్పులకి బిగించినదే ఉండాలి. ప్లేట్‌ని కిందివైపుకి పొడిగించడం మాత్రం అసలు మంచిది కాదు. హీల్ అండ్ టో కోసం మడమ దగ్గర పొడవు కావాలని అమ్మే ప్లేట్లు ఉన్నాయి. ఎన్‌ఏ లాంటి వేలాడే పెడల్‌కి అవి కార్పెట్‌కి మరీ దగ్గరగా వస్తాయి.

ఇక రేకు పని. ముందు అట్టముక్కతో నమూనా కోయాలి. పెడల్ రబ్బరు తీసేసి, అట్టని టేపుతో అంటించి, కదలని కారులోనే పాదం వాల్చి చూడాలి. అట్టతో మాత్రం కారుని పది అడుగులు కూడా నడపకూడదు. నమూనా కుదిరేదాకా కోసి మార్చుకుంటూ పోవాలి, ఇక్కడ ఎంత ఓపిక పడితే అంత మంచిది. అట్ట ఖరారయ్యాక 3 మిల్లీమీటర్ల అల్యూమినియం షీట్ మీద గీసుకోవచ్చు. ప్లేట్‌ని వంచాల్సిన అవసరం ఉంటే 5052 రకం తీసుకోవాలి. 6061-టీ6 గట్టిదే కానీ పదునుగా వంచితే మలుపు దగ్గర పగులుతుంది. 60 మిల్లీమీటర్ల వెడల్పు, 120 మిల్లీమీటర్ల పొడవున్న ముక్క 60 గ్రాములు కూడా తూగదు. అదే ఇనుముతో చేస్తే దాదాపు 170 గ్రాములవుతుంది. పెడల్‌ని వెనక్కి లాగేది చిన్న స్ప్రింగే కాబట్టి అక్కడ బరువు పెంచకపోవడమే మేలు.

బోల్టులు రెండు తక్కువ కాకూడదు. ఒక్క బోల్ట్ మీద ప్లేట్ తిరుగుతుంది, తిరిగిన ప్లేట్ బ్రేక్ కిందికి వెళ్తుంది. తలలు ప్లేట్‌లోకి దిగిపోయే కౌంటర్‌సంక్ ఎం5 బోల్టులు, వెనకవైపు నైలాన్ రింగున్న లాక్ నట్లు సరిపోతాయి. మామూలు నట్టు ఇంజిన్ వణుకుడికి ఏదో ఒక రోజు వదులవుతుంది. బోల్ట్ కొస నట్టు దాటి పొడుగ్గా ఉంటే కోసేయాలి, లేకపోతే అదే కార్పెట్‌లో గుచ్చుకుంటుంది. అంచులన్నీ ఆకురాయితో గుండ్రంగా రుద్దాలి. ముఖ్యంగా బ్రేక్ వైపున్న పై మూల. బూటు సోల్ అంచు ఆ మూలకి తగులుకుంటే బ్రేక్ మీదకి వెళ్ళాల్సిన కాలు యాక్సిలరేటర్ దగ్గరే ఆగిపోతుంది. నున్నటి అల్యూమినియం తడి బూటుకి జారుతుంది కాబట్టి పైన గరుకు టేపు అంటించాలి.

కొంతమంది ప్లేట్ జోలికి పోకుండా పెడల్ కాడనే బ్రేక్ వైపుకి వంచేస్తారు. ఎన్‌ఏలో అది ఉక్కు కాడ కాబట్టి వంగుతుంది. వంచదలిస్తే కారులోంచి విప్పి, వైస్‌లో బిగించి, ఒక్కసారిలో వంచాలి. కారులోనే రెంచ్ వేసి వంచితే ఆ బలమంతా పెడల్ తిరిగే పిన్ను మీద, బ్రాకెట్ మీద పడుతుంది. సరిపోలేదని ముందుకీ వెనక్కీ వంచుతూ పోతే ఉక్కు అలసి విరుగుతుంది. ప్లేట్ నచ్చకపోతే రెండు బోల్టులు విప్పేస్తే చాలు, వంచిన కాడని మొదటి ఆకారానికి అంత సులభంగా తేలేం. కాబట్టి ప్లేట్‌దే పైచేయి.

ఎడమ స్టీరింగ్, కుడి స్టీరింగ్ కార్ల మధ్య కూడా తేడా ఉంది. పెడల్స్ వరుస రెండింట్లోనూ ఒకటే. కానీ అమెరికా మియాటాలో యాక్సిలరేటర్‌కి కుడిపక్కన గేర్‌బాక్స్ టన్నెల్ ఉంటుంది. జపాన్, బ్రిటన్ కార్లలో టన్నెల్ క్లచ్ వైపుకి వెళ్ళి, యాక్సిలరేటర్‌కి కుడిపక్కన కారు బాడీ గోడ వస్తుంది. పాదం వాలే కోణం, ప్లేట్‌కి దొరికే చోటు రెండింట్లోనూ ఒకేలా ఉండవు. వేరే దేశం కారు చూసి తయారుచేసిన కొలతల బొమ్మని డౌన్‌లోడ్ చేసి అలాగే కోసేయడం అందుకే తప్పు.

బిగించాక చేయాల్సిన పరీక్షలు బిగించడం కంటే ముఖ్యం. మొదటిది, ఇంజిన్ ఆపి, బానెట్ తెరిచి, ఒకరు పెడల్‌ని అడుగుదాకా తొక్కుతుంటే ఇంకొకరు థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే కవాటం) పూర్తిగా తెరుచుకుంటోందా అని చూడాలి. ప్లేట్ వెనక భాగం కార్పెట్‌కి ముందే ఆనుకుంటే థ్రాటిల్ సగంలో ఆగుతుంది. కాలు ఒక్కసారిగా తీస్తే పెడల్ చప్పున పైకి రావాలి, మెల్లగా వచ్చినా ఒప్పుకోకూడదు. ఆటోక్రాస్ పోటీల్లో (ఖాళీ స్థలంలో కోన్ల మధ్య ఒక్కో కారు సమయం చూసే పోటీలు) కారుని దింపేముందు చేసే తనిఖీలో కూడా యాక్సిలరేటర్ వెనక్కి వస్తోందా లేదా అన్నది చూస్తారు. రెండోది, యాక్సిలరేటర్‌ని అడుగుదాకా తొక్కి, అదే స్థితిలో బ్రేక్‌ని కూడా అడుగుదాకా తొక్కాలి. ప్లేట్ అంచు బ్రేక్ వెనక్కి దూరే అవకాశం ఎక్కడా ఉండకూడదు. దూరితే బ్రేక్ నొక్కిన ప్రతిసారీ యాక్సిలరేటర్ కూడా కిందికే పోతుంది.

మూడోది పాదాలతో. ఇంజిన్ నడుపుతూ, న్యూట్రల్‌లో, ఇంట్లో ఉన్న వాటిలో అన్నిటికంటే వెడల్పైన బూట్లు వేసుకుని, యాక్సిలరేటర్ మీంచి బ్రేక్ మీదకి ఉలిక్కిపడ్డట్టు కాలు మార్చాలి. పదిసార్లు చేసి ఆర్‌పీఎం ముల్లుని చూడాలి. ఒక్కసారి లేచినా ప్లేట్ తీసి బ్రేక్ వైపు అంచుని ఇంకా కోయాలి. సన్నటి డ్రైవింగ్ షూతో ఈ పరీక్ష చేస్తే ప్రయోజనం లేదు, చలికాలంలో ఆ కారెక్కేది మంచు బూట్లతోనే. ఇవన్నీ గట్టెక్కాక ఖాళీ పార్కింగ్ స్థలంలో తక్కువ వేగంతో నడిపి చూసి, నట్లు మళ్ళీ బిగించుకోవాలి.

మన దగ్గర కారు అలంకరణ సామాను అమ్మే షాపుల్లో మెరిసే పెడల్ కవర్లు దొరుకుతాయి. వాటిలో చాలావరకు ఉన్న రబ్బరు మీదే క్లిప్పులతో తగిలించేవి. అవి కొద్ది నెలల్లో పక్కకి జరుగుతాయి. వాటితో హీల్ అండ్ టో కుదిరేదేమీ లేదు, రిస్కు మాత్రం కొత్తగా వచ్చి చేరుతుంది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తప్పయ్యేలా వాహనాన్ని మార్చకూడదంటుంది. పెడల్ సంగతి ఆ పత్రంలో ఉండదు. అయినా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ అడిగే ప్రశ్నలకి యజమానే జవాబు చెప్పుకోవాలి, అమెరికాలోనూ అంతే.

ఇక్కడ చెప్పినదంతా కేబుల్‌తో పనిచేసే ఉక్కు పెడల్స్‌కే. మియాటాలో మొదటి రెండు తరాలు, 2005 దాకా వచ్చినవి, అలాంటివే. మూడో తరం ‘ఎన్‌సీ’తో, పెడల్‌కీ థ్రాటిల్‌కీ మధ్య ఉండే కేబుల్‌ని తీసేసి దాని చోట ఎలక్ట్రానిక్ సెన్సర్లు పెట్టారు. అమెరికాలో అమ్మిన హోండా ఎస్2000 కూడా 2006లో అలా మారింది. ఎలక్ట్రానిక్ పెడల్స్‌లో చాలావాటికి ప్లాస్టిక్ కాడ ఉంటుంది. దానికి డ్రిల్ వేస్తే కాడ బలహీనపడుతుంది, సెన్సర్ ఉన్న భాగం కూడా దెబ్బతినవచ్చు. వాటికి ఆ మోడల్ కోసమే తయారుచేసి, కాడకి చుట్టూ బిగించే రెడీమేడ్ ప్లేటే దిక్కు. 2015లో వచ్చిన నాలుగో తరం ‘ఎన్‌డీ’లో యాక్సిలరేటర్ నేల నుంచి పైకి లేచే రకం, దాని కోణమే వేరు. 2009 మోడల్ నిస్సాన్ 370జెడ్ అయితే గేర్ తగ్గించే (డౌన్‌షిఫ్ట్) సమయంలో ఆర్‌పీఎంని తనే పైకి లేపే మాన్యువల్ గేర్‌బాక్స్‌తో వచ్చింది. అలాంటి కార్లకి ఈ ప్లేట్ అవసరమే లేదు.

పాత కారుకి బిగించిన ప్లేట్ మాత్రం ఒక మనిషి పాదానికి, ఆ మనిషి సీటు దూరానికి కొలిచింది. అదే కారుని ఇంట్లో ఇంకొకరు తీసుకెళ్ళవచ్చు, సర్వీసు సెంటర్‌లో మెకానిక్ బయటికి తీయవచ్చు, హోటల్ దగ్గర వ్యాలే కుర్రాడు పార్క్ చేయవచ్చు. వాళ్ళ పాదాలకి ఆ బ్రేక్ పక్కన యాక్సిలరేటర్ అంత దగ్గరగా ఉంటుందని తెలియదు. తాళం చేతికిచ్చేముందు చెప్పాలి. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకైతే చెప్పడం సరిపోదు. రెండు నట్లు విప్పి ప్లేట్ తీసేసి, పాత రబ్బరు మళ్ళీ తొడిగి ఇవ్వాలి. అందుకే ఆ రబ్బరుని మొదటి రోజే పారేయకుండా, నట్లకి సరిపోయే స్పానర్‌తో పాటు డిక్కీలో పెట్టుకోవాలి.